పది మంది కూర్చుని ఒక సమస్య తేల్చాలంటే: ముందు రాయండి, తర్వాత మాట్లాడండి

వేసవిలో నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు మీద మీ అపార్ట్‌మెంట్‌లో మీటింగ్ పెట్టారనుకోండి. అందరికంటే ముందు మాట్లాడిన ఆయన "ఇంకో బోరు వేయిద్దాం" అంటారు. ఇక గంటసేపు బోరు వేయాలా వద్దా, వేస్తే ఎన్ని అడుగులు, ఎవరికి తెలిసిన బోర్ల ఆయన ఉన్నాడు, ఇదే చర్చ. నీళ్ళు వృథాగా ఎక్కడ పోతున్నాయన్న మాటే రాదు. మూల కుర్చీలో ఉన్నావిడకి ఏదో తట్టింది, కానీ ఇంత గోలలో చెప్పడం ఎందుకని ఊరుకుంది. చివర్లో సెక్రటరీ గారు "అందరికీ ఓకేనా?" అంటే ఎవరూ మాట్లాడరు. మౌనం అర్ధాంగీకారం కదా, మినిట్స్ బుక్‌లో "ఏకగ్రీవం" అని ఎక్కిపోతుంది.

ఆ గదిలో తెలివైనవాళ్ళకి కొదవ లేదు. ఇబ్బందంతా వరస దగ్గరే ఉంది. ఆలోచించడం, తప్పులు వెతకడం, తేల్చడం అనే మూడు పనులూ ఒకేసారి, అదీ నోటితోనే చేస్తున్నాం. ఈ మూడింటినీ విడదీసి, ప్రతి పనికీ ముందు కాగితం పట్టుకుంటే అదే పది మంది నుంచి వేరే ఫలితం వస్తుంది. అది ఎలాగో వరసగా చెబుతాను. ఉదాహరణకి హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, దాని నీళ్ళ సమస్య తీసుకుందాం. మీది స్కూల్ కమిటీ కావచ్చు, పొదుపు సంఘం కావచ్చు, ఆఫీసు టీమ్ కావచ్చు, పద్ధతి మారదు.

మొదట ప్రశ్న సరిగ్గా రాసుకోండి

"నీళ్ళ సమస్య" అన్నది ప్రశ్న కాదు, గోడు. "బోరు ఎక్కడ వేద్దాం?" అన్నది కూడా పనికిరాదు, ఎందుకంటే జవాబు అందులోనే దూరిపోయింది. మీటింగ్‌కి వారం ముందే ఇద్దరు ముగ్గురు కూర్చుని, జవాబు ముందే చొప్పించని ప్రశ్న తయారు చేయాలి. ఇందుకు రెండు పనులు చేయండి.

ఒకటి, అంకెలు రాబట్టండి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్‌లోని ప్రమాణం. 40 ఫ్లాట్లు, ఫ్లాట్‌కి నలుగురు అనుకుంటే 160 మంది. అంటే రోజుకు 21,600 లీటర్లు సరిపోవాలి. ఇప్పుడు వస్తున్నది లెక్కేయండి. మంజీరా నీళ్ళు (కుళాయిలో వచ్చే నగర సరఫరా) సగటున 9,000, పాత బోరు 6,000, రోజూ ఒక 10,000 లీటర్ల ట్యాంకర్, మొత్తం 25,000 అనుకుందాం. మరి ఆ మిగతా 3,400 లీటర్లు ఎటు పోతున్నట్టు? ఈ ఒక్క అంకె చాలు, చర్చ బోరు దగ్గర నుంచి లీకేజీ వైపు తిరుగుతుంది. మీ లెక్క వేరేగా రావచ్చు. కానీ లెక్క వేయకుండా మీటింగ్ పెట్టకండి.

రెండు, "ఎందుకు?" అని ఒకదాని మీద ఒకటి అడుగుతూ వెళ్ళండి. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో తైచీ ఓనో అలవాటు చేసిన పద్ధతి ఇది, ఐదు సార్లు అడగమనేవాడు. ట్యాంకర్లు ఎందుకు పెరిగాయి? పొద్దున తొమ్మిదికే సంప్ ఖాళీ అవుతోంది. ఎందుకు? రాత్రి నిండిన పైట్యాంకు తెల్లారేసరికి సగమే ఉంటోంది. ఎందుకు? రాత్రంతా నీళ్ళు ఎటో పోతున్నాయి. ఇక్కడ ఆగి వాచ్‌మన్‌ని అడగండి. "రాత్రి రెండింటికి కూడా బి బ్లాక్ పైపులో నీళ్ళు పారుతున్న చప్పుడు వస్తుంది సార్. ఇదివరకు ఒకసారి చెప్పాను" అంటాడు. పైట్యాంకులో రాత్రి పన్నెండింటికి ఒక గీత, తెల్లవారుజామున నాలుగింటికి ఇంకో గీత పెట్టి చూస్తే చాలు, ఆ చప్పుడు విలువ ఎన్ని లీటర్లో తేలిపోతుంది. ఐదు సార్లే అడగాలని పట్టుదల అక్కర్లేదు. మనం ఏదైనా చేయగలిగిన కారణం చేతికి అందగానే ఆపేయండి.

ఇంతయ్యాక ప్రశ్న ఇలా తయారవుతుంది: "ఏప్రిల్ నుంచి జూన్ దాకా ట్యాంకర్ల సంఖ్యను సగానికి ఎలా తగ్గించగలం?" ఇందులో గడువు ఉంది, అంకె ఉంది, జవాబు మాత్రం లేదు. దీన్ని, పై లెక్కల్ని ఒకే పేజీలో పెట్టి అందరికీ ముందే పంపండి.

అంకెలు అందరి కళ్ళ ముందు ఉంటే మనుషులు ఎలా మారతారో మన పల్లెల్లోనే చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం నుంచి నల్గొండ దాకా, రైతులే వాన కొలిచి, బోర్లలో నీటి మట్టం కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి లెక్క వేసుకునే ప్రాజెక్టు 2003 ప్రాంతంలో మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచింది. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞలు జారీ చేయలేదు. ఊళ్ళో ఉన్న నీళ్ళెన్ని, అనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని పక్కపక్కనే చూపించారు, అంతే. ఆ లెక్క చూసి ఎవరి పంట వాళ్ళే నిర్ణయించుకున్నారు. నాకు ఆ ప్రాజెక్టు మీద ఎంతో గౌరవం. చదువుకున్నవాళ్ళ సొసైటీలు చాలా వాటికి ఇంకా ఆ అలవాటు అబ్బలేదు.

ఎవరిని పిలవాలి, తేల్చేది ఎవరు

ఆలోచనలు పుట్టించే గుంపు ఆరుగురు దాటకపోతే మంచిది. ఇరవై మంది వస్తే మూడు నాలుగు బల్లలుగా విడగొట్టండి. భార్యాభర్తల్ని, ఆప్తమిత్రుల్ని, పాత కమిటీవాళ్ళని ఒకే బల్ల దగ్గర వేయకండి. ఆ సమస్యని రోజూ ముట్టుకునేవాళ్ళు తప్పకుండా ఉండాలి. నీళ్ళ విషయమైతే వాచ్‌మన్, అద్దెకున్నవాళ్ళు, వంటింట్లో ఎక్కువసేపు గడిపేవాళ్ళు. "ఓనర్ల మీటింగ్ కదా" అని అద్దెవాళ్ళని పిలవని చోట్ల సగం సమాచారం గుమ్మం బయటే ఉండిపోతుంది. ఓటు ఓనర్లకే ఉంటే ఉండనివ్వండి, ఆలోచనకి మాత్రం అందరినీ పిలవండి.

మొదలుపెట్టేటప్పుడే ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి: తేల్చేది ఎవరు? ఈ గదిలో ఓటుతో తేలుతుందా, లేక ఇక్కడి సలహాలు తీసుకుని కమిటీ తేలుస్తుందా? రెండూ న్యాయమే. కానీ సలహా అడుగుతూ, నిర్ణయం మీదేనన్న భ్రమ కల్పిస్తే వచ్చేసారి ఎవరూ రారు. పెద్ద ఖర్చులకి ఎంత మెజారిటీ కావాలో మీ బైలాస్‌లో ముందే చూసుకోండి.

పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకండి

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

గుంపుగా కూర్చుని నోటికొచ్చిన ఆలోచనలన్నీ చెప్పేయడాన్ని బ్రెయిన్‌స్టార్మింగ్ అంటాం. అమెరికాలో అడ్వర్టైజింగ్ రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బర్న్ 1940, 50లలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పెట్టిన నియమాలు నాలుగు: విమర్శ వద్దు, వింత ఆలోచనలైనా రానివ్వండి, వీలైనన్ని ఎక్కువ కావాలి, ఒకరి ఆలోచన మీద ఇంకొకరు కట్టండి. నియమాలు బంగారం లాంటివి. తేడా కొట్టింది అందరూ కలిసి మాట్లాడటం దగ్గరే. 1958లో యేల్ యూనివర్సిటీలో దీన్ని పరీక్షించారు. కలిసి మాట్లాడుకున్న నలుగురి కంటే, విడివిడిగా కూర్చుని రాసిన నలుగురి జాబితాలు కలిపితే దాదాపు రెట్టింపు ఆలోచనలు వచ్చాయి. తర్వాత చాలా ప్రయోగాల్లోనూ విడివిడిగా రాసినవాళ్ళదే పైచేయి. 1987లో మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె అనే పరిశోధకులు అసలు కారణం పట్టుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆగినంతసేపూ తమ ఆలోచన మర్చిపోకుండా పట్టుకోవాలి, కాబట్టి కొత్తది పుట్టదు. పుట్టినా, ఈలోగా చెప్పడం అనవసరం అనిపిస్తుంది. సిగ్గు, మొహమాటం వీటికి అదనం.

అందుకే చేయాల్సింది ఇది. అందరికీ ఒక్కో తెల్ల కాగితం, ఒక పెన్ను ఇవ్వండి. ప్రశ్న బోర్డు మీద రాయండి. కాగితం మీద మూడు నిలువు గడులు గీయించండి. ఐదు నిమిషాల్లో ఒక్కొక్కరు మూడు ఆలోచనలు రాయాలి. టైమ్ అవగానే కాగితాన్ని కుడిపక్క మనిషికి ఇచ్చేయాలి. వాళ్ళు దాన్ని చదివి, కింద ఇంకో మూడు రాయాలి. పైదాన్ని పెంచొచ్చు, మార్చొచ్చు, పూర్తిగా కొత్తది రాయొచ్చు. ఆరుగురు, మూడేసి, ఐదేసి నిమిషాలు. జర్మనీకి చెందిన బెర్న్‌డ్ రోర్‌బాఖ్ 1968లో పరిచయం చేసిన పద్ధతి ఇది. ఆరు వరసలూ నడిపితే అరగంటలో 108 గడులు నిండుతాయి. అందులో సగం రిపీట్ అయినా యాభై పైన మిగులుతాయి. ఓపిక లేదంటే మూడు వరసలు, అంటే పదిహేను నిమిషాలు చాలు.

కాగితం చేతులు మారుతుంటే ఏమవుతుందో చూడండి. మొదటి మనిషి "ట్యాంక్ నిండగానే మోటార్ ఆగే సెన్సర్" అని రాస్తారు. రెండో మనిషి దాని కింద "సెన్సర్ పెట్టేదాకా ఓవర్‌ఫ్లో పైపు కింద డ్రమ్ము, ఆ నీళ్ళు మొక్కలకి" అంటారు. మూడో మనిషికి ఆ మొక్కలు చూడగానే వేరేది తడుతుంది: "మొక్కలకి, పార్కింగ్ కడగడానికి ప్రతి ఇంట్లో ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళు. ఫ్లోర్‌కి ఒక డ్రమ్ము పెడితే చాలు." మొదటి మాట మోటార్ గురించి, మూడోది ఆర్వో గురించి. ఇవే నోటితో చెప్పుకుని ఉంటే రెండో మాట దగ్గరే "ఏ కంపెనీ సెన్సర్ మంచిది?" అనే చర్చ మొదలయ్యేది.

రాయడం రానివాళ్ళు, తెలుగు మాట్లాడతారు గానీ రాయడానికి ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పక్కన ఒకరిని కూర్చోబెట్టి, అన్న మాట అన్నట్టే రాయించండి. "అంటే మీ ఉద్దేశం ఇదేనా" అని మార్చి రాయడం మొదలైతే అది రాసేవాళ్ళ ఆలోచన అయిపోతుంది. ఫ్లాట్ ఇక్కడా ఓనర్ డాలస్‌లోనూ ఉంటే, వాళ్ళ మూడు ఆలోచనలు ముందురోజే ఒక్కరికి విడిగా పంపమనండి. గ్రూప్‌లో పెడితే మళ్ళీ మొదటి మెసేజ్ చుట్టూనే అందరూ తిరుగుతారు.

ప్రెసిడెంట్ గారో, అందరూ గౌరవించే పెద్దాయనో ఈ సమయంలో గదిలో లేకపోతే ఇంకా మంచిది. ఇందులో వాళ్ళని తక్కువ చేయడం ఏమీ లేదు. 1961లో అమెరికా అండతో క్యూబా మీద జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడి ఘోరంగా విఫలమైంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనడీ సలహాదారుల్లో అనుమానాలున్నవాళ్ళు కూడా గట్టిగా అడ్డుచెప్పలేదు. మరుసటి ఏడాది క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు, తన ఎదుట అందరూ బిగుసుకుపోకుండా ఉండాలని కెనడీ కొన్ని సమావేశాలకి కావాలనే దూరంగా ఉన్నాడు. అంతటి అధ్యక్షుడు గది బయట ఉండగలిగినప్పుడు, మన అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు పదిహేను నిమిషాలు కిందకెళ్ళి టీ తాగి రావడంలో నామోషీ ఏముంది?

ఆలోచనలు ఆగిపోతే ప్రశ్నని తిరగేయండి

కాసేపటికి పెన్నులు ఆగుతాయి. మొదట వచ్చేవి అందరికీ తెలిసినవే: బోరు, ట్యాంకర్, నోటీసు బోర్డు. అసలైనవి ఆ తర్వాతే వస్తాయి, వాటిని కొంచెం తోడాలి.

నాకు బాగా నచ్చేది ఎదురు ప్రశ్న. "వచ్చే నెల ట్యాంకర్ల బిల్లు రెట్టింపు కావాలంటే మనం ఏం చేయాలి?" అని అడగండి. గది ఒక్కసారిగా తేలికవుతుంది. మోటార్ ఆన్ చేసి మర్చిపోవాలి. లీకేజీ అని వాచ్‌మన్ చెప్పినా ప్లంబర్‌ని పిలవకూడదు. కార్లు రోజూ పైపు పెట్టి కడగాలి. ట్యాంకర్ వచ్చినప్పుడు నిండుగా ఉందో లేదో ఎవరూ మూత తీసి చూడకూడదు. ఎవరు ఎంత వాడినా అందరికీ ఒకే మెయింటెనెన్స్ వేయాలి. ఈ జాబితా బోర్డు మీద పెట్టాక "వీటిలో ఇప్పటికే ఎన్ని చేస్తున్నాం?" అని అడగండి. ఆ మాట తగలాల్సిన చోట తగులుతుంది. ఎవరినీ పేరు పెట్టి అనకుండానే తప్పులన్నీ బల్ల మీదకి వచ్చేశాయి. అదే సూటిగా "కార్లు పైపుతో కడిగేది ఎవరు?" అని ఉంటే గొడవయ్యేది. ఇప్పుడు ఒక్కోదాన్ని తిప్పి రాయండి. "ఒకే మెయింటెనెన్స్" తిరగేస్తే "ఫ్లాట్‌కి ఒక నీటి మీటర్" అవుతుంది.

రెండోది హద్దు మార్చడం. ఒక బల్లకి "రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు" అని, ఇంకో బల్లకి "డబ్బుకి లోటే లేదు" అని, మూడో బల్లకి "రేపటి నుంచి ట్యాంకర్ అనేదే దొరకదు" అని చెప్పండి. ఒక్కో బల్ల ఒక్కో దిక్కున వెతుకుతుంది. డబ్బుకి లోటు లేదన్న బల్ల పెద్ద పెద్ద ఊహలు చేస్తుంది, మురుగునీరు శుద్ధి చేసి ఫ్లష్‌లకి వాడదాం లాంటివి. వాటిలోంచి చిన్న ముక్క కోసుకున్నా లాభమే.

మూడోది, ఇంకొకరి కళ్ళతో చూడటం. ఇదే సమస్య హోటల్ మేనేజర్‌కి వస్తే ఏం చేస్తాడు? చెరువు కింద రైతు అయితే? హాస్టల్ వార్డెన్ అయితే? వార్డెన్ నీళ్ళు వదిలే వేళలు పెడతాడు. రైతు వాన నీళ్ళు భూమిలోకి దించే దారి చూస్తాడు, అంటే ఇంకుడు గుంత. పిల్లల్ని కూడా ఇక్కడే కలుపుకోవచ్చు.

కాగితాలన్నీ గోడ మీదకి

ఇక నోరు విప్పవచ్చు. ఒక్కో ఆలోచనని ఒక్కో చీటీ మీద రాసి గోడకి అంటించండి, పేర్లు వద్దు. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని పక్కపక్కన చేర్చండి. జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవకితా తన క్షేత్ర పరిశోధనలో పోగైన సమాచారాన్ని చీటీలుగా సర్దుకోవడం నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఇందులో ముఖ్యమైన సూత్రం ఒకటుంది: పెట్టెలు ముందు తయారు చేసి చీటీలు అందులో వేయకూడదు. చీటీలు చదువుతుంటే ఏవి దగ్గరకు చేరతాయో చూసి, ఆ తర్వాతే ఆ గుంపుకి పేరు పెట్టాలి. మన ఉదాహరణలో "పోతున్న నీళ్ళు ఆపడం", "వాడిన నీళ్ళు మళ్ళీ వాడటం", "కొత్త నీళ్ళు తేవడం", "లెక్క చూడటం" అని నాలుగు గుంపులు తేలవచ్చు. ఎక్కడా చేరని ఒంటరి చీటీని పారేయకండి. విడిగా ఉంచండి, చాలాసార్లు పనికొచ్చేది అదే.

మంచి, చెడు వేర్వేరు సమయాల్లో

ఇప్పుడు నాలుగైదు ఆలోచనల్ని పరిశీలించాలి. మామూలుగా ఏం జరుగుతుంది? ఒకాయన లాభం చెబుతాడు, ఇంకొకాయన వెంటనే నష్టం చెబుతాడు, కాసేపటికి అది ఆలోచన గురించి కాక ఇద్దరు మనుషుల గురించి అయిపోతుంది. మాల్టాలో పుట్టిన ఎడ్వర్డ్ డి బోనో 1985లో ఆరు రంగుల టోపీల పద్ధతి చెప్పాడు. రంగులు గుర్తుండకపోయినా పర్వాలేదు, దాని ప్రాణం ఒక్కటే: ఒక సమయంలో అందరూ ఒకే వైపు చూడాలి. పది నిమిషాలు అందరూ తెలిసిన నిజాలే చెప్పాలి. తర్వాత అందరూ లాభాలే. తర్వాత అందరూ నష్టాలే. తర్వాత మనసుకి ఎలా అనిపిస్తోందో ఒక్క వాక్యం, కారణం అడగకూడదు.

బోరు కావాలన్న ఆయన చేత బోరు నష్టాలు చెప్పించడం ఇందులో అసలు లాభం. నిజాల వంతులో "వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకి అనుమతి తీసుకోవాలి" అని తేలుతుంది. నష్టాల వంతులో ఆయనే "నీళ్ళు పడకపోతే డబ్బు తిరిగి రాదు" అంటారు. ఎదుటివాళ్ళు అంటే కోపం వచ్చేది, తన నోటితోనే అనేసరికి రాదు. మనసు వంతుని వదిలేయకండి. "మీటర్లు పెడితే పక్కింటివాళ్ళతో సంబంధాలు చెడతాయేమోనని భయంగా ఉంది" అన్న మాట ఏ లెక్కలోనూ దొరకదు. కానీ పని ఆగిపోయేది అలాంటి చోటే.

చేతులెత్తించకండి

1951లో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక గీత చూపించి, పక్కన ఉన్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదని అడిగారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గదిలో ఉన్న మిగతావాళ్ళంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతుంటే, దాదాపు మూడింట ఒక వంతు జవాబుల్లో అసలు మనిషి కూడా కళ్ళెదుట ఉన్నది వదిలేసి వాళ్ళతో కలిసిపోయాడు. తోడుగా ఒక్కరు నిజం చెబితే మాత్రం ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. జవాబు రహస్యంగా రాయనిచ్చినా అంతే. గీతల పొడవు దగ్గరే ఇలా ఉంటే, రోజూ లిఫ్ట్‌లో ఎదురుపడే మనుషుల మధ్య చేతులెత్తి ఓటేయమంటే ఏమవుతుంది? వాట్సాప్ పోల్ కూడా ఇంతే, మామూలుగా ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది. చీటీలే మంచివి.

చీటీ మీద ఒక్కదానికే ఓటు వేయించడంలోనూ చిక్కుంది. ఫ్రెంచ్ గణితజ్ఞుడు బోర్దా 1770లోనే దీన్ని చూపించాడు. ఆయన ఓటర్ల లెక్కనే మన సమస్యకి అన్వయిస్తాను. మూడు దారులు మిగిలాయి: ట్యాంకర్ల కాంట్రాక్టు, కొత్త బోరు, లీకేజీ రిపేరుతో ఇంకుడు గుంత. ఓటు వేసేవాళ్ళు 21 మంది. మొదటి ఇష్టం మాత్రమే అడిగితే ట్యాంకర్‌కి 8, బోరుకి 7, రిపేరుకి 6. ట్యాంకర్ గెలిచింది. కానీ బోరు అన్న ఏడుగురూ, రిపేరు అన్న ఆరుగురూ, అంటే 13 మంది, ట్యాంకర్‌ని అన్నిటికంటే అడుగున పెడుతున్నారు. ఎక్కువమందికి అసలు వద్దన్నదే గెలిచిందన్నమాట.

కాబట్టి మూడింటికీ వరస రాయమనండి. మొదటిదానికి 2 మార్కులు, రెండోదానికి 1, మూడోదానికి సున్నా. బోరు అన్న ఏడుగురికీ రెండో ఇష్టం రిపేరు. రిపేరు అన్న ఆరుగురికీ రెండో ఇష్టం బోరు. ట్యాంకర్ అన్న ఎనిమిది మందిలో ఏడుగురు రెండో స్థానం రిపేరుకి, ఒకరు బోరుకి ఇచ్చారు. లెక్కేస్తే ట్యాంకర్‌కి 16, బోరుకి 21, రిపేరుకి 26. మొదటి ఓటులో అడుగున ఉన్నది పైకి వచ్చింది, ఎందుకంటే అందరూ కనీసం ఒప్పుకోగలిగింది అదే. కాగితం మీద ఐదు నిమిషాల పని ఇది. ఇద్దరు కలిసి లెక్క పెట్టి, అంకెలు బోర్డు మీద అందరికీ చూపించండి. ఈ మార్కుల పద్ధతినే వాడబోతున్నామని ఓటుకి ముందే చెప్పాలి. ఫలితం చూశాక పద్ధతి మారిస్తే ఎవరూ నమ్మరు.

"ఇది ఫెయిలైంది" అనుకుని చూడండి

తేలింది కదా అని లేచిపోకండి, ఇంకో పది నిమిషాలు కూర్చోండి. అమెరికన్ సైకాలజిస్ట్ గ్యారీ క్లైన్ చెప్పిన పద్ధతి ఇది. అందరికీ ఇలా చెప్పండి: "ఇవాళ మే 15 అనుకుందాం. మనం అనుకున్న పని దారుణంగా విఫలమైంది. ఎందుకు విఫలమైందో రాయండి." "ఏమైనా సమస్యలు వస్తాయా?" అని అడిగితే సంతోషంగా ఉన్న గదిలో ఎవరూ అపశకునం పలకరు. "విఫలమైంది" అని ముందే ఒప్పేసుకుంటే కారణాలు చెప్పడం తెలివితేటల కిందకి వస్తుంది. ప్లంబర్ బి బ్లాక్‌లో టైల్స్ పగలగొట్టాలన్నాడు, ఆ ఫ్లాట్ ఓనర్ బెంగళూరులో ఉన్నాడు, తాళం దొరకలేదు. ఇంకుడు గుంత తవ్వారు కానీ పైకప్పు నీళ్ళ పైపు దానికి కలపలేదు. ట్రెజరర్ గారు వేసవి సెలవులకి ఊరెళ్ళారు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్ళు లేరు. అందులో సులువైనవి రెండు మూడు అక్కడికక్కడే సరిచేయవచ్చు. తాళం ఇవాళే అడిగి తీసుకోవడం, సంతకానికి రెండో మనిషిని పెట్టడం లాంటివి.

కాగితం మీద ఏం మిగలాలి

మినిట్స్ బుక్‌లో "చర్చించి తీర్మానించడమైనది" అన్న వాక్యం వల్ల ఏ పనీ జరగదు. ఏ పని, ఎవరు, ఏ తేదీలోగా, ఎంత ఖర్చులోపు అన్న నాలుగూ రాయండి. "కమిటీ చూసుకుంటుంది" అని రాయకండి, ఒక్క మనిషి పేరు ఉండాలి. ఒప్పుకోనివాళ్ళు ఉంటే వాళ్ళ అభ్యంతరం వాళ్ళ మాటల్లోనే, వాళ్ళు సరేనంటే పేరుతో సహా, ఎక్కించండి. అది వాళ్ళకి దక్కాల్సిన మర్యాద. రేపు పని తేడా కొడితే ముందు చూడాల్సింది కూడా అక్కడే.

ఇంత తతంగం ప్రతిదానికీ అక్కర్లేదు. మోటార్ కాలిపోతే మెకానిక్‌ని పిలవాలి, మీటింగ్ కాదు. చిన్న ఖర్చులు సెక్రటరీ గారికి వదిలేయాలి. అందరి జేబునీ, అందరి రోజువారీ అలవాట్లనీ తాకే విషయాలకే ఈ రెండు గంటలు.

ఆఖరుగా, మళ్ళీ చూసుకునే రోజు ఇప్పుడే పెట్టుకోండి, నెల దాటకుండా. ఆ రోజు చర్చ మొదలుపెట్టకముందే మొదటి పేజీలోని లెక్కని తిరిగి వేయండి: మంజీరా ఎంత, బోరు ఎంత, ట్యాంకర్లు ఎన్ని, లెక్క తేలనిది ఎంత. 3,400 తగ్గితే పని అదే దారిలో సాగనివ్వండి. తగ్గకపోతే రెండో స్థానంలో వచ్చినదానికి వెళ్ళాలని ఇవాళ్టి తీర్మానంలోనే రాసి ఉంచండి, మళ్ళీ మొదటి నుంచి వాదించుకునే అవసరం రాదు. గోడ మీద మిగిలిన చీటీలు ఒక కవర్లో వేసి, ప్రశ్న, తేదీ రాసి సెక్రటరీ ఫైల్‌లో పెట్టండి.